చిల్లుల కార్డు పుట్టుక: హెర్మన్ హోలరిత్

1882వ సంవత్సరంలో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇరవై రెండేండ్ల యువకుడొకడు యాంత్రిక ఇంజనీరింగు బోధకుడుగా చేరినాడు. జలయంత్రాలు, ఆవిరి యంత్రాలు, యంత్రాల రూపకల్పన ఆయన చెప్పిన పాఠాలు. మొదటి ఏడు ఉత్సాహంగానే గడిచినది. కాని అవే పాఠాలను మరుసటి ఏడు మరొక తరగతికి మళ్ళీ చెప్పవలెనన్న తలంపు ఆయనకు రుచించలేదు. 1883లో ఆ కొలువు వదలి వాషింగ్టన్ వెళ్ళినాడు. ఆయన పేరు హెర్మన్ హోలరిత్.

సమాచారాన్ని పోగుచేసి, తప్పులు ఏరి, యంత్రం చదువగల రూపంలో అమర్చి, అడిగినవారికి అడిగినట్లు అందించే పనికి నేడు డేటా ఇంజనీరింగ్ అని పేరు. విశ్వవిద్యాలయాలలో పరిశోధన చేసిన యువతీయువకులు ఎందరో ఈనాడు ఆ వృత్తిలో ప్రవేశిస్తున్నారు. ఆ పేరు పుట్టక పూర్వమే ఆ దారిని నడిచినవాడు హోలరిత్. ఆ దారిలో ఆయనకు లభించినది ఎంతో, చేజారినది ఎంతో తెలుసుకొనవలెనంటే 1880 నాటి అమెరికా జనాభా లెక్కల కార్యాలయంలోనికి ఒకసారి తొంగిచూడవలె.

హోలరిత్ 1860 ఫిబ్రవరి 29వ తేదీన బఫెలో నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. 1879లో న్యూయార్కులోని కొలంబియా గనుల కళాశాల నుంచి ఇంజనీరు పట్టం పొందినాడు. ఆయనకు చదువు చెప్పిన ఆచార్య ట్రోబ్రిడ్జ్ అప్పుడే జనాభా లెక్కల శాఖలో ఒక బాధ్యత స్వీకరించి, తన శిష్యుని కూడా వెంట తీసుకొనిపోయినాడు. ఇనుము, ఉక్కు పరిశ్రమలలో ఆవిరిశక్తిని, జలశక్తిని ఎంత వాడుతున్నారో పరిశీలించి నివేదిక వ్రాయుట హోలరిత్‌కు అప్పగించిన పని. అది శుద్ధమైన పరిశోధనే. అయితే ఆయన కన్ను పక్క గదులలో జరుగుతున్న పనిమీద పడినది.

ఆ గదులలో వందలకొద్దీ గుమాస్తాలు కూర్చుండి 5 కోట్ల మంది వివరాలను చేతితో లెక్కిస్తున్నారు. గణకులు ఇంటింటికి తిరిగి నింపి తెచ్చిన పెద్ద పట్టీలలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస. గుమాస్తా ఆ వరుసను చదివి, మరొక కాగితం మీద తగిన గడిలో ఒక గీత గీయవలె. తరువాత ఆ గీతలను కూడవలె. పురుషులెందరు, స్త్రీలెందరు అని మాత్రమే అడిగితే ఈ పద్ధతి చాలును. కాని పొరుగు దేశంలో పుట్టి, ఇరవై ఏండ్లు దాటి, వడ్రంగం చేసుకొని బ్రతికే పురుషులెందరని అడిగితే మొత్తం పట్టీలను మళ్ళీ మొదటి నుంచి చదువవలె. ప్రశ్న మారినప్పుడల్లా ఇదే తతంగం. 1880 లెక్కలను తేల్చడానికి ఏడేండ్లకు పైగా పట్టినది. జనాభా పెరుగుతున్నది, అడిగే ప్రశ్నలూ పెరుగుతున్నవి. ఇదే తీరున పోతే 1890 లెక్కలు తేలకముందే 1900 లెక్కలు మొదలుపెట్టవలసి వస్తుందని అధికారులు భయపడినారంటే ఆశ్చర్యం లేదు.

ఆ కార్యాలయంలో జనన మరణాల లెక్కలు చూచే విభాగానికి అధిపతి జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు. ఒకనాటి సాయంకాలం ఆయన ఇంట భోజనానికి పోయినప్పుడు, ఇటువంటి యాంత్రికమైన పనిని చేయడానికి ఒక యంత్రం ఉండవలెనని బిల్లింగ్స్ అన్నాడట. హోలరిత్ ఆ మాటను మరువలేదు. కొంతకాలం ఆలోచించి వచ్చి, ఇద్దరమూ కలసి ఈ పని చేయుదమా అని ఆయనను అడిగినాడు. సమస్య ఎట్లో ఒకట్లు పరిష్కారమైతే చాలును, అంతకు మించి తనకు కోరిక లేదని బిల్లింగ్స్ తప్పుకొన్నాడు. ఆ తరువాత ఆయన గ్రంథాలయ నిర్వహణలో గొప్ప పేరు తెచ్చుకొన్నాడు. ఒకే సమస్యను ఇద్దరూ చూచినారు. అందులోనికి దిగినవాడు ఒక్కడే.

బోధకుడుగా గడిపిన సంవత్సరం వ్యర్థమైనదని తలచరాదు. హోలరిత్‌ను అక్కడికి పిలిచినది, పూర్వం జనాభా లెక్కల శాఖకు అధిపతిగా ఉండి ఆ విద్యాసంస్థకు అధ్యక్షుడైన ఫ్రాన్సిస్ వాకర్. యంత్రానికి సంబంధించిన తొలి ప్రయోగాలు అక్కడనే ప్రారంభమైనవి. వాషింగ్టన్ చేరిన పిదప కొద్దికాలం పేటెంటు కార్యాలయంలో ఉద్యోగం చేసి, ఒక ఆవిష్కరణను చట్టంద్వారా కాపాడుకొనుట ఎట్లో నేర్చుకొన్నాడు. 1884లో ఆ ఉద్యోగం కూడా మానినాడు. ఇక నెలజీతం లేదు. ఆ సంవత్సరం సెప్టెంబరు 23వ తేదీన తన యంత్రానికి మొదటి పేటెంటు దరఖాస్తు పెట్టినాడు.

ఆ మొదటి నమూనాలో కార్డులు లేవు. ఉన్నది పొడవైన కాగితపు పట్టీ. ఒక్కొక్క మనిషి వివరాలను దానిమీద వరుసగా చిల్లులు పొడిచి, పట్టీని ఒక లోహపు గొట్టం మీదుగా లాగేవారు. చిల్లు వచ్చినచోట విద్యుత్తు ప్రవహించి ముల్లు ఒక అంకె ముందుకు జరిగేది. పని చేసేదే, కాని ఒక చిక్కు మిగిలినది. ఏదో ఒక తెగకు చెందినవారిని మాత్రమే విడదీసి చూడవలెనంటే మైళ్ళ పొడవున ఉన్న పట్టీనంతటినీ లాగవలె. పాత పట్టీల బాధే కొత్త రూపంలో ఎదురైనది.

ఒక పాఠశాల ఉదాహరణ చెప్పుకొంటే సంగతి సులభంగా బోధపడుతుంది. నలభై మంది పిల్లల పేర్లున్న హాజరు పుస్తకం చేతిలో ఉన్నది. పదునాలుగేండ్లు దాటి, పొరుగూరి నుంచి నడిచి వచ్చే బాలికలెందరో చెప్పుమంటే ఉపాధ్యాయుడు పుస్తకమంతా వెదకవలె. అట్లుకాక ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క చీటీ ఉన్నదనుకొందము. చీటీలను ముందు బాలబాలికలుగాను, తరువాత వయస్సునుబట్టి, ఆ తరువాత ఊరినిబట్టి కుప్పలు వేసుకొంటూ పోతే జవాబు దానంతట అదే చేతికి వస్తుంది. ప్రశ్న మారితే చీటీలను కలిపి మళ్ళీ కుప్పలు వేసుకొనవచ్చును. మన దేశంలో 1901 జనాభా లెక్కలలో ప్రవేశపెట్టిన చీటీల పద్ధతికి ఆధారం ఇదే.

హోలరిత్‌కు ఈ ఊహ రైలు ప్రయాణంలో తట్టినదని చెప్పుకొన్నాడు. ఒకరి టిక్కెట్టు మరొకరు వాడకుండా, ప్రయాణికుని జుట్టు రంగు, కండ్ల రంగు, ముక్కు తీరు మొదలైన గుర్తులను కండక్టరు టిక్కెట్టు అంచున చిల్లులు పొడిచి నమోదు చేసేవాడు. మనిషికి ఒక కార్డు, కార్డుమీద ఆ మనిషి ఆనవాళ్ళు! పొడవైన పట్టీని ముక్కలుగా కోసి విడివిడి కార్డులుగా చేసిన ఆ క్షణంలోనే అసలు ఆవిష్కరణ జరిగినదని చెప్పవలె. విద్యుత్తు, ముళ్ళు, గంటలు తరువాతి మాట.

బాల్టిమోర్ నగరపు మరణాల లెక్కలలో మొదటి పరీక్ష జరిగినది. చిల్లులు పొడవడానికి ఆయన వద్ద ఉన్న సాధనం కూడా కండక్టరు వాడే చేతి పటకారే. అది కార్డు అంచులను దాటి లోపలికి పోదు. రోజంతా వేలకొద్దీ చిల్లులు తానే పొడిచి, చేయి బిగుసుకొనిపోయి బాధపడినాడు. ఆ బాధలోనుంచే మరొక పరికరం పుట్టినది. ఒకచోట పిడిని తగిన గుర్తుమీద ఆనించి నొక్కితే, దానికి అనుబంధమైన మొన కార్డులో ఎక్కడనైనా చిల్లు వేస్తుంది. కార్డు వైశాల్యమంతా అప్పుడు వినియోగంలోకి వచ్చినది. తరగతి గదిలో యంత్రాల రూపకల్పన బోధించినవాడు పని గదిలో తన చేతినొప్పి నుంచి నేర్చుకొన్న పాఠమిది.

1889లో జనాభా లెక్కల శాఖ మూడు పద్ధతులకు పోటీ పెట్టినది. సెయింట్ లూయీ నగరంలోని నాలుగు వార్డులలో 1880లో నమోదైన 10,491 మంది వివరాలు పరీక్షాంశం. తక్కిన ఇద్దరు పోటీదారులు, హంట్, పిడ్జిన్ అనేవారు, రంగు సిరాలతోను రంగు కార్డులతోను చేతిపనిని సులభం చేసినవారు. వివరాలను ఎత్తి వ్రాయడానికి హంట్ పద్ధతిలో 144 గంటల 25 నిమిషాలు, పిడ్జిన్ పద్ధతిలో 110 గంటల 56 నిమిషాలు పట్టగా, హోలరిత్ కార్డులకు 72 గంటల 27 నిమిషాలు పట్టినది. లెక్కించడంలో తేడా మరీ పెద్దది. హంట్‌కు 55 గంటల 22 నిమిషాలు, పిడ్జిన్‌కు 44 గంటల 41 నిమిషాలు, హోలరిత్‌కు 5 గంటల 28 నిమిషాలు! ఈ అంకెలలో గమనింపదగిన సంగతి ఒకటున్నది. యంత్రం లెక్కింపును ఎనిమిది పది రెట్లు తగ్గించినదే కాని, కార్డులు తయారుచేసే శ్రమను సగానికి మించి తగ్గించలేకపోయినది. సమాచారాన్ని యంత్రం ముందుకు తెచ్చే పనే ఎక్కువ కాలం తినడం ఈనాటికీ ఆ వృత్తిలోనివారికి అనుభవమే.

యంత్రం పనిచేసే తీరు ఇది. కార్డును ఒక పలకమీద ఉంచి పిడిని క్రిందికి లాగితే, స్ప్రింగుల మీద నిలిచిన సూదులు కార్డుమీదకు దిగుతవి. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది. చిల్లున్నచోట దూరి క్రిందనున్న చిన్న గిన్నెలోని పాదరసాన్ని తాకుతుంది. విద్యుద్వలయం పూర్తియై, ఎదుట గడియారపు ముఖాలవలె అమర్చిన 40 చక్రాలలో తగినదాని ముల్లు ఒక గీత జరుగుతుంది. పక్కన ఉన్న గదుల పెట్టెలో తగిన గది మూత దానంతట అదే తెరచుకొంటుంది. కార్డును అందులో వేసి మూయవలె. అన్నీ సక్రమంగా నమోదైతే గంట మ్రోగుతుంది. స్త్రీయో పురుషుడో చెప్పే చిల్లు పొడవడం మరచినారనుకొందము. గంట మ్రోగదు, ఆ కార్డును పక్కకు తీసి మూలపు పట్టీతో సరిచూడవలె. తప్పును లెక్కలోనికి రాకముందే వాకిట్లో ఆపే ఈ ఏర్పాటును వేగానికంటె ఎక్కువగా మెచ్చుకొనవలె. కార్డు తిరగబడకుండా ఒక మూల కత్తిరించి ఉంచడం కూడా అటువంటి జాగ్రత్తయే. యంత్రం ముందు కూర్చున్నవారు విసుగెత్తినప్పుడు గిన్నెలోని పాదరసాన్ని తొలగించి, మరమ్మతు జరిగేవరకు విశ్రాంతి తీసుకొనేవారట! ఆ తప్పుకు మాత్రం గంట లేదు.

ఈ యంత్రాలను హోలరిత్ అమ్మలేదు. ఒక్కొక్కదానికి ఏడాదికి 1,000 డాలర్ల చొప్పున అద్దెకిచ్చి, మరమ్మతుల బాధ్యత తానే వహించినాడు. 1890 డిసెంబరులో సుమారు 6 కోట్ల 26 లక్షల జనాభా అని ప్రకటన వెలువడగా, అంతకంటె పెద్ద సంఖ్యను ఆశించిన పత్రికలు యంత్రాన్నీ శాఖనూ కలిపి నిందించినవి. ఆ తొలి సంఖ్య కార్డులతో తేల్చినది కాదు. ఇంటింటి మొత్తాలను మీటలు నొక్కి యంత్రానికి అందించినారు. సవివరమైన పట్టికలు వెలువడినకొద్దీ నిందలు సద్దుమణిగినవి. ఆస్ట్రియా, కెనడా దేశాలు కూడా ఆయన యంత్రాలతోనే తమ జనాభా లెక్కలు వేసుకొన్నవి. 1890లోనే కొలంబియా ఆయనకు డాక్టరు పట్టమిచ్చినది. సమర్పించిన పరిశోధన వ్యాసం ఆ యంత్రపు వర్ణనయే. విద్యాలయాన్ని వదలినవానికి, దాని వెలుపల చేసిన పనికే విద్యాలయపు గౌరవం దక్కినది.

కాని లెక్కలు ముగిసినంతనే యంత్రాలన్నీ తిరిగి వచ్చి కొట్టులో పడినవి. జనాభా లెక్కలు పదేండ్లకొకసారి మాత్రమే వస్తవి. జీతం మానుకొన్నవానికి ఇది పెద్ద గండం. హోలరిత్ రైలు కంపెనీల వైపు తిరిగినాడు. సరుకు రవాణా బిల్లులలో ఎన్ని బిల్లులున్నవని లెక్కిస్తే చాలదు, బరువులూ రుసుములూ కూడవలె. మొదట చూపిన యంత్రం న్యూయార్క్ సెంట్రల్ రైలు కంపెనీకి నచ్చలేదు. దానిని కూడికలు చేసేటట్లు మార్చి ఆ కంపెనీని ఒప్పించినాడు. 1896లో ట్యాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీని స్థాపించినాడు.

1900 జనాభా లెక్కల తరువాత పాత స్నేహం చెడినది. అద్దెలు మితిమీరినవని ప్రభుత్వ శాఖ అన్నది. హోలరిత్ పట్టు విడువలేదు. శాఖ జేమ్స్ పవర్స్ అనే ఇంజనీరును నియమించి 1910 లెక్కలకు సొంత యంత్రాలు చేయించుకొన్నది. హోలరిత్ న్యాయస్థానానికి ఎక్కినాడు గాని ఫలితం లేకపోయినది. ప్రభుత్వపు సొమ్ముతో నడిచే లెక్కలకు ఒక వ్యక్తి చేతిలో తాళం ఉండరాదన్న శాఖ వాదంలో న్యాయం ఉన్నది. ఎవరూ నమ్మని రోజులలో జీతం వదలుకొని ఆ తాళాన్ని చేసినవాని కష్టాన్ని కూడా కాదనలేము. 1911లో ఆయన తన కంపెనీని అమ్మివేసినాడు. అది మరికొన్ని సంస్థలతో కలసి, 1924లో ఐ.బి.ఎం. అన్న పేరు ధరించినది. హోలరిత్ 1929 నవంబరు 17న వాషింగ్టన్‌లో మరణించినాడు.

1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, పేటెంటు హక్కుల విషయమై వచ్చిన వివాదంతో, మోక్లీ, ఎకర్ట్ అనే ఇద్దరు కొలువులు వదలి బయటకు వచ్చినారు. వారు నిర్మించిన యూనివాక్ గణక యంత్రాన్ని 1951లో జనాభా లెక్కల శాఖయే మొదట స్వీకరించినది. కార్డులమీది చిల్లులను దానికోసం అయస్కాంత పట్టీల మీదకు ఎక్కించినారు. హోలరిత్ విడిచిన పొడవైన పట్టీ మళ్ళీ వచ్చినది. ఈసారి దానిని లాగడానికి పట్టే కాలం క్షణాలలోనికి దిగినది.