పశ్చిమ ప్రకాశంలో వృద్ధాప్య వైకల్యం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వంగిన వెన్నును ముసలితనం ఖాతాలో వేయడం అలవాటు. చాలా ఊళ్లలో అసలు కథ చిన్ననాడు తాగిన నీళ్లతోనే మొదలవుతుంది.

భూగర్భజలం నుంచి వచ్చే ఫ్లోరైడ్ తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మోతాదు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. బాల్యంలో పళ్లకు మచ్చలు పడతాయి. నడివయసు దాటాక కీళ్లు బిగుస్తాయి, మెడ తిరగదు. ఇదే ఫ్లోరోసిస్. భారతదేశంలో దీన్ని 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం తొలిసారి నమోదు చేసింది పొరుగునే, నాటి నెల్లూరు జిల్లాలో.

ఈ జబ్బు మగవారినీ వదలదు. కానీ కాల్షియం కొరత దాన్ని ముదరబెడుతుంది. ఆ కొరతకు దారితీసే వరుస కాన్పులు, చంటిబిడ్డలకు పాలివ్వడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం ఆడవాళ్ల వాటా. బిందెల బరువూ వాళ్లదే.

ముసలితనంలో ఆడవాళ్ల మీద భారం ఎక్కువగా పడటం చైనాలోనూ కనిపిస్తుంది: వృద్ధ స్త్రీలు పురుషులకంటే ఎక్కువకాలం బతుకుతారు, రోజువారీ పనుల్లో ఎక్కువ ఇబ్బంది పడతారు. బాల్యపు పేదరికం, చదువులేమి ఆ తేడాను పెంచుతాయి.

వైకల్యాన్ని ఏ ఖాతాలో వేస్తారన్నది పింఛనులోనూ తేడా తెస్తుంది: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, దివ్యాంగుల పింఛను 6,000. రెండోదానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.