46 రోజుల్లో లేచి నిలిచిన వంతెన

మంటకి కాస్త దగ్గరగా జరగండర్రా, చలి ముదిరింది. మన చిన్నోడు సైటు ఇంజనీరుగా చేరాడు కదా. ఏడాదిన్నర పని ఏడాదిలో తేల్చమన్నారని బెంగ పెట్టుకున్నాడు. వీడి కోసం ఇవాళ పాంబన్ వంతెన సంగతి చెబుతాను, వినండి.

1964 డిసెంబరు 22. ఆ రాత్రి రామేశ్వరం వైపు తుపాను విరుచుకుపడింది. ధనుష్కోటి వెళ్ళే పాసింజరు బండిని సముద్రం మింగేసింది. వంద మందికి పైగా పోయారు. రామేశ్వరం చేర్చే ఈ పాంబన్ రైలు వంతెన 1914 నుంచి ఉండేది, రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. దాని గర్డర్లు 126 నీళ్ళలో కూలిపోయాయి. ఓడల కోసం తెరుచుకునే మధ్య భాగం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజుల్లో ఏ పని దగ్గర నలుగురు మేస్త్రీలు చేరినా ఇదే ఊసు.

బాగుచేయడానికి ఆరు నెలలు కావాలనుకున్నారు రైల్వే వాళ్ళు. పై అధికారి మూడు నెలలన్నాడు. పని అప్పగించింది రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారికి. అప్పటికాయన వయసు 32. చదువుకున్నది ఎక్కడనుకున్నారు? మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలోనే!

అన్ని గర్డర్లు కొత్తగా తెప్పించాలంటే నెలలు గడిచిపోతాయి, డబ్బూ నీళ్ళలా ఖర్చవుతుంది. ఇంతలో పడిపోయిన గర్డర్లు సముద్రం అడుగునే ఉన్నాయని అక్కడి జాలర్లు చెప్పారు. శ్రీధరన్ గారు ఆ మాట కొట్టిపారేయలేదు. వెతికించారు, దొరికాయి. వాటిని పైకి లేపి మళ్ళీ స్తంభాల మీద కూర్చోబెట్టించారు. 46 రోజుల్లో వంతెన సిద్ధమైంది. ఇనుము కలిసొచ్చింది, కాలమూ కలిసొచ్చింది.

ఒరే చిన్నోడా, ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఒకటుంది. అక్కడ కూలీలని ఊరికే తరిమి పని చేయించలేదు. సరుకు కోసం ఎదురుచూడాల్సిన నెలలనే తీసి పారేశారు. ఏ కట్టడమైనా ఆలస్యమయ్యేది పని చేస్తున్నప్పుడు కాదురా, పని ఆగి ఉన్నప్పుడు. ఇటుక రాలేదని మేస్త్రీ, నక్షా తేలలేదని వడ్రంగి, బిల్లు అవలేదని కంట్రాక్టరు కూర్చుంటారు. కూర్చున్నా కూలి ఇవ్వాల్సిందే, అప్పుకి వడ్డీ కట్టాల్సిందే.

పెళ్ళింట్లో గాడిపొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే పక్కన కూరలు తరుగుతారు చూడు, అలా నడవాలి పని. పునాది తవ్వుతుండగానే తలుపులు, కిటికీలు కొట్టులో తయారవ్వాలి. పై అంతస్తు నక్షా పూర్తి కాకపోయినా పునాది మొదలెట్టచ్చు, కానీ మొత్తం బరువు ఎంతో ముందే లెక్క తేలాలి. అది తేలకుండా దిగితే కట్టిందే పగలగొట్టుకోవాలి.

స్లాబు సంగతి చూడు. కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోయకముందే కరెంటు పైపులు, ఫ్యాను పెట్టెలు అమర్చాలి. కరెంటు వాణ్ణి ఒక్కరోజు ముందు పిలిస్తే సరిపోతుంది. మరిచిపోతే సుత్తి, ఉలి పట్టుకుని వారాలు తొలవాలి, స్లాబుకీ దెబ్బ.

అలాగని అన్నిట్లోనూ తొందర పనికిరాదు. కాంక్రీటు గట్టిపడటానికి దాని గడువు దానికి కావాలి. రోజూ నీళ్ళు పట్టాలి. యజమాని ఎంత గోల చేసినా సెంట్రింగు ముందే ఊడదీయకు, కింద మనుషులు తిరుగుతారు. ఆ రోజుల్లో పక్క గది గోడలు కట్టించు, తలుపుల చట్రాలు నిలబెట్టించు. మనుషులు ఖాళీగా ఉండరు, స్లాబూ చెడదు.

శ్రీధరన్ గారే తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించారు. గడువుకి ఎన్ని రోజులు మిగిలాయో చూపించే గడియారాలు పెట్టించారు. మెట్రో మొదటి దశ 2005లో, అనుకున్న గడువుకి ముందే ముగిసింది. గడువు అందరి కళ్ళ ముందుంటే ఎవరి పని ఎప్పటికి కావాలో వాళ్ళకే తెలుస్తుంది.

అందుకని పొద్దున్నే సైటులో అడుగుపెట్టగానే నువ్వు అడగాల్సింది ఎంత పని అయిందని కాదు, ఎవరు ఎవరి కోసం ఆగి ఉన్నారని. ఆ అడ్డు ఆ పూటే తీసెయ్. జాలరి చెప్పినా, మట్టి మోసే ఆవిడ చెప్పినా చెవిన వేసుకో. ఏడాదిలో ముగించడం నీ చేతిలో పనే.