కట్టు చిక్కదనం

గింజ ఎద్దుకు, నీళ్ళు మనిషికి. అహోబిలం చుట్టుపక్కల పల్లెల్లో ఉలవల పంపకం ఇట్లా ఉండేది. రాత్రి నానేసిన ఉలవల్ని తెల్లారకముందే సట్టిలో పోసి, గింజ పగిలేదాకా ఉడకబెట్టేవాళ్ళు. గుగ్గిళ్ళు కొట్టానికి పోయేవి. దుక్కిలో ఎద్దు నిలబడాలి కదా. వార్చిన కట్టు ఇంట్లోకి వచ్చేది. మా జేజి దాన్ని సగానికి మరగనిచ్చి, చింతపండు పిసికి పోసి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా నూరి వేసేది. గరిటెతో ఎత్తి పోస్తే ధార తెగకుండా పడాలి. తెగిందంటే పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసేది. జొన్నసంగటి ముద్దలో గుంట చేసి ఆ కట్టు పోసుకుంటే వేరే కూర అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు హోటళ్ళలో ఉలవచారు మీద మీగడ వేసి ఇస్తున్నారు. ఎద్దుల్లేని ఊళ్ళో వండే ఉలవచారు అట్లాగే ఉంటుంది మరి!

చారయినా, గంజయినా, అంబలయినా, దొరల సూపయినా, పిడికెడు గింజను పదిమందికి సరిపెట్టే ఉపాయమే. పేచీ అంతా చిక్కదనం దగ్గరే. కరువొస్తే ఆ పేచీ సర్కారు దాకా పోతుంది.

మా సీమలో కరువుకు కొదవ లేదు. 1866లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలితో వచ్చిన వేలమందికి తిండి పెట్టాడు. విక్టోరియా రాణి పతకం పంపింది, జనం పాట కట్టుకున్నారు. పతకం కన్నా పాటే గట్టిదని నా లెక్క. పదేళ్ళు తిరిగేసరికి ధాత కరువొచ్చింది. దాన్ని ఆపడం ఒక గాదె వల్ల అయ్యే పని కాదు. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో కూలి తగ్గించాడు: మగమనిషికి రోజుకు పౌను గింజల ఖరీదు, పైన కాస్త చిల్లర. పౌనంటే దాదాపు 450 గ్రాములు. రాళ్ళు కొట్టి, మన్ను మోసే మనిషికి అది చాలదని, పప్పూ కూరగాయలూ కూడా ఉండాలని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ పట్టుబట్టాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగొచ్చి, గింజలు 570 గ్రాములు చేసి, 43 గ్రాముల పప్పు చేర్చింది. 43 గ్రాములు! మా కొట్టంలో ఎద్దు ముందు అంతే పెట్టుంటే, మా జేజినాయన ఇంటిల్లిపాదినీ తిట్టేవాడు. ఆ కరువుకు ముందూ వెనకా తీసిన జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు మనుషుల్ని పోగొట్టుకుంది.

ఇదే తగువు అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు ఐర్లండులో నడిచింది. అక్కడ ఉర్లగడ్డ పంట కుళ్ళిపోయి జనం చస్తుంటే, లండన్ రిఫార్మ్ క్లబ్బు వంటవాడు అలెక్సీ సోయర్‌ను పిలిపించారు. 1847లో డబ్లిన్‌లో పెద్ద వంటశాల పెట్టి వేలమందికి సూపు పోశాడు. వాడిది పేరున్న చెయ్యే, అయినా ఆ సూపులో సత్తువ లేదని వైద్యులు తప్పుబట్టారు.

మద్రాసులో మాత్రం చారుకు వేరే భోగం పట్టింది. మిరియాల చారులో మాంసం వేసుకుని దొరలు ములిగటానీ అన్నారు. కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి 1878లో అచ్చేసిన వంటల పుస్తకంలో దానికి చోటిచ్చాడు. కరువు ముగిసిన ఏడే అది. ఆ పుస్తకం చదివిన ఇళ్ళకూ, గంజి కోసం గిన్నె పట్టిన ఊళ్ళకూ ఏలిక ఒకటే.

1952 కరువులో సీమలో మళ్ళీ గంజి కేంద్రాలు తెరిచారు. సైన్యం వచ్చి బావులు లోతు చేసింది. అప్పుడు మా నాయన చిన్నపిల్లోడు. వరసలో ముందు నిలబడితే పైతేట నీళ్ళే పడతాయని, గింజ అడుక్కు దిగుతుందని జేజి చెప్పి పంపేదంట. వెనక నిలబడితే గంగాళం ముందే ఖాళీ అయ్యే భయం. అందుకని అన్నను ముందూ తమ్ముణ్ణి వెనకా నిలబెట్టి, ఇంటికొచ్చాక రెండు చెంబులూ ఒకే సట్టిలో పోసి, తెడ్డుతో కలిపి పంచేదంట.