పేరు చెప్పుకునే పాట: హిప్ హాప్ పుట్టుక

పూతలపట్టు చుట్టుపక్కల ఎరుకల, యానాది, సుగాలి పిల్లల ఫోన్లలో ఇప్పుడు ర్యాప్ మోగుతోంది. పెద్దవాళ్లకు అది తిట్ల పాట. కొందరు టీచర్లకు అది చదువు చెడగొట్టే అలవాటు. పిల్లలకేమో అది టోపీ, గొలుసు, పెద్ద కారు. ఈ ముగ్గురికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ పాట ఎవరి వాడల్లో, ఎందుకు పుట్టిందో తెలిస్తే మన పిల్లలు దాన్ని వేరే చెవితో వింటారని మేము అనుకుంటున్నాం.

హిప్ హాప్ అంటే ర్యాప్ ఒక్కటే కాదు. రికార్డులు తిప్పే డీజే, మైకు పట్టే ఎంసీ, నేల మీద గిరగిరా తిరిగే బ్రేక్ డాన్స్, గోడల మీద రంగుల రాత అయిన గ్రాఫిటీ, ఈ నాలుగూ కలిస్తే హిప్ హాప్. ఇది పుట్టింది అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, బ్రాంక్స్ అనే ప్రాంతంలో. 1948 నుంచి 1972 దాకా ఆ ప్రాంతం నడిమధ్యగా క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రోడ్డు వేశారు. వేలాది కుటుంబాల ఇళ్లు పోయాయి. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు. నల్లజాతివాళ్లు, పోర్టోరికో నుంచి వచ్చినవాళ్లు, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన పేదలు మిగిలారు. 1970లలో కొందరు ఇళ్ల యజమానులు బీమా డబ్బుల కోసం తమ భవనాలకు తామే నిప్పు పెట్టించారు. కుర్రాళ్లు ముఠాలు కట్టి వీధులు పంచుకున్నారు. 1971 డిసెంబరులో ఒక కొట్లాటను ఆపబోయిన బ్లాక్ బెంజీ అనే యువకుణ్ణి చంపేశారు. అతని ముఠా పేరు ఘెట్టో బ్రదర్స్. వాళ్లు పగ తీర్చుకోలేదు. ముఠాలన్నిటినీ పిలిచి రాజీ కుదిర్చారు. ఆ రాజీ లేకపోతే ఒక వీధి పిల్లలు ఇంకో వీధికి ఆటపాటలకు వెళ్లే పరిస్థితే ఉండేది కాదు.

1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనంలో ఒక చిన్న వేడుక జరిగింది. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని ఉంది. అందుకే టికెట్టు పెట్టింది: ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకాలో పుట్టి 1967లో బ్రాంక్స్‌కు వచ్చిన ఈ 18 ఏళ్ల కుర్రాణ్ణే లోకం కూల్ హెర్క్ అంటుంది. పాటలో గొంతు ఆగి డ్రమ్ముల దరువు ఒక్కటే మిగిలే చోట ఆడేవాళ్లు రెచ్చిపోవడం అతను గమనించాడు. ఒకే రికార్డువి రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఆ ముక్కనే ఒకదాని వెంట ఒకటి తిప్పుతూ దరువును సాగదీశాడు. గంగజాతరలో పలకలు కొట్టేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఆట వేడెక్కిన చోట దరువు మార్చకుండా పట్టుకుని ఉండడం వాళ్ల చేతుల్లో ఉన్న విద్యే. తర్వాత ఈ వేడుకలు పార్కుల్లోకి వచ్చాయి. వీధిదీపం స్తంభం నుంచే కరెంటు లాక్కునేవారు. మన తిరునాళ్లలో కొక్కెం తగిలించడం లాంటిదే!

ఆ రాత్రి హెర్క్ స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకున్నాడు. అతను చేసిన పని చాలా చిన్నది. వచ్చిన స్నేహితుల పేర్లు దరువు మీద పిలిచాడు. ర్యాప్ అక్కడ మొదలైంది, పేరు పిలవడంతో. గోడ రాతల సంగతీ అంతే. 183వ వీధిలో ఉండే ఒక కుర్రాడు తన ముద్దుపేరుకు వీధి నంబరు చేర్చి 'టాకీ 183' అని ఊరంతా రాశాడు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని మీద వార్త వేసింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని పిల్లలు నేను ఉన్నాను, ఫలానా వీధివాణ్ణి అని చెప్పుకోవడమే హిప్ హాప్‌కు వేరు.

పేరు సంగతి మనవాళ్లకు వేరే విధంగా తెలుసు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. (మన చిత్తూరు జిల్లా ఏర్పడిందీ అదే ఏడు.) ఆ చట్టం కింద ఎరుకలవారిని, యానాదుల్లో కొన్ని గుంపులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టారు. పేరు రాశారు, వేలిముద్ర తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు చెప్పించారు. చాలా కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ ఊరికి కూడా మనవాళ్ల పేరు పెట్టలేదు, హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. పేరు పిలిస్తే పోలీసు పిలిచినట్టు ఉలిక్కిపడే అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు. కులం పేరు అడిగితే తల దించుకునే పిల్లలు హాస్టళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

బ్రాంక్స్ పాట బజారులోకి వచ్చిన తీరు కూడా తెలుసుకోవాలి. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో 'రాపర్స్ డిలైట్' రికార్డు వచ్చి బాగా అమ్ముడుపోయింది. అందులో పాడిన బిగ్ బ్యాంక్ హాంక్, గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుపుస్తకంలోని పంక్తులు వాడుకున్నాడు. కాజ్ తన పేరును అక్షరం అక్షరంగా చెప్పుకున్న చోటును కూడా అలాగే పాడేశాడు. రికార్డు మీద మాత్రం కాజ్ పేరు లేదు. 1982లో వచ్చిన 'ద మెసేజ్' పేదవాడ కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తర్వాత కంపెనీల డబ్బు పెరిగింది. ఆడవాళ్లను కించపరిచే పాటలు, తుపాకుల గొప్పలు బాగా అమ్ముడుపోయాయి. మన పిల్లల ఫోన్లకు ముందుగా చేరేది ఈ సరుకే. టీచర్ల కోపంలో ఆ మేరకు న్యాయముంది. అయితే 2018లో పులిట్జర్ సంగీత బహుమతి అందుకున్నదీ ర్యాపరే, కెండ్రిక్ లామర్.

అంత దూరం పోనక్కర్లేదు. పూతలపట్టు స్టేషన్లో రైలెక్కి చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్లి, అక్కడ బండి మారితే అరక్కోణం. ర్యాపర్ అరివు ఊరు అదే. 2017లో దర్శకుడు పా. రంజిత్ అండతో చెన్నైలో మొదలైన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో అరివు పాడాడు. ఆ బృందం పేరుకు మూలం దళిత చింతకుడు అయోత్తిదాసు మాటలు. వాళ్లు పేటల్లోని గానా పాటను, ర్యాప్‌ను కలిపి రిజర్వేషన్ల గురించి, పాకీపని గురించి పాడారు. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' పాటలో అరివు తన అవ్వ వల్లియమ్మాళ్‌ను తలచుకున్నాడు. శ్రీలంక టీ తోటల్లో కూలి చేసి, భూమి లేకుండా తిరిగి వచ్చిన తరం ఆమెది. పాట లోకమంతా మోగింది. అదే ఆగస్టులో ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉంది, ఇంకో గాయకుడు ఉన్నాడు, అరివు లేడు. పా. రంజిత్‌తో సహా చాలామంది నిలదీశారు. కాజ్‌కు జరిగిందే 42 ఏళ్ల తర్వాత మన పొరుగూరివాడికీ జరిగింది.

న్యూజిలాండ్‌లో 1988లో అప్పర్ హట్ పోస్సీ అనే బృందం 'ఎ తూ' అనే పాట తెచ్చింది. ఆ దేశపు మొదటి ర్యాప్ రికార్డు అదేనంటారు. అందులో ఇంగ్లీషుతో పాటు మావోరి భాష ఉంది, తెల్లవాళ్లను ఎదిరించిన మావోరి నాయకుల పేర్లున్నాయి. మనకూ ఈ విద్యకు దగ్గరి చుట్టం ఉంది. సోది చెప్పే ఎరుకల అవ్వ కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షి అంటూ పేర్లు తలచి, ఊపిరి తిప్పుకోకుండా లయలో మాట నడిపిస్తుంది. కాకపోతే చాలా యక్షగానాల్లో ఆమె పేరు సింగి, లేదంటే ఉత్త ఎరుకలసాని. ఆమె సొంత పేరు ఎవరూ రాయలేదు.

అందుకే టీచర్లను ఒకటి అడుగుతున్నాం. ర్యాప్ పాడే పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టకండి, కాగితం ఇచ్చి రాయమనండి. మొదటి పంక్తిలో తన పేరు, రెండో పంక్తిలో తన కాలనీ లేదా తండా పేరు, మూడో పంక్తిలో అవ్వ చేసిన పని. కుర్రు భాషలోనో గోర్ బోలిలోనో రాస్తానంటే తెలుగు లిపిలో రాయించండి. అర్థం పిల్లలే చెబుతారు, పలక బదులు బల్ల చాలు. రాసిన కాగితం కింద పేరు, తేదీ తప్పకుండా వేయించండి, కాజ్ నోటుపుస్తకం సంగతి చెప్పి మరీ.