గడియారపు అద్దము – దానిపై గీత

రేడియోలో సమయసూచక ధ్వని వెలువడగానే చేతిగడియారము వంక చూచి ముల్లును సరిచేసికొనుట రేడియోగల యిండ్లలో చిరకాలము సాగిన అలవాటు. అట్లు చూచినప్పుడు ఒక్కొక్కమారు ముల్లుకంటె ముందుగా అద్దముమీది గీత కంటబడును. లోపలి యంత్రము ఎంత నిర్దుష్టముగా నడచుచున్నను, ఎంత ధనము వెచ్చించి కొనినదైనను, పైయద్దమున ఒక్క గీత పడెనా యజమాని మనస్సు చివుక్కుమనును. ఆ గీతను తుడిచివేయ వీలగునా? అద్దమునే మార్చవలెనా? లేక అట్లే విడిచిపెట్టుట మేలా? ఇందులకు సమాధానము ఆ అద్దము ఏ పదార్థముతో చేయబడినదో తెలిసినగాని దొరకదు. ఆ పదార్థముల వెనుక సుమారు 400 సంవత్సరముల చరిత్ర కలదు. అందు మన తెలుగుమాటకును కొంత చోటు కలదు.

16వ శతాబ్దమున ఐరోపాలో ధనికులు మెడనుండియో నడుమునుండియో వ్రేలాడదీసికొనిన తొలి గడియారములకు అద్దమే లేదు. లోహపు మూత ముఖమును కప్పియుండెడిది. కొన్నిటి మూతలకు చిల్లులు చెక్కి, వానిగుండ ముల్లు కనబడునట్లు చేసెడివారు. తరువాత కొందరు పనివారు సహజస్ఫటికమును పలుచగా చెక్కి మూతగా అమర్చిరి. 17వ శతాబ్దమున గాజు వాడుకలోనికి వచ్చెను. అయినను స్ఫటికపు పేరు పోలేదు. నేటికిని ఆంగ్లమున గడియారపు అద్దమును, అది గాజైనను ప్లాస్టిక్ అయినను, క్రిస్టల్ అనియే పిలుచుచున్నారు.

గడియారము జేబులో ఉన్నంతకాలము అద్దమునకు అంతగా భయము లేదు. పైన వస్త్రము, కొన్నిటికి లోహపు మూతయు రక్షగా ఉండెడివి. అది మణికట్టుమీదికి వచ్చినప్పటినుండియే కష్టములు మొదలాయెను. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని సైనికులకు జేబునుండి గడియారము తీసి చూచుకొను తీరిక లేకపోయెను. చేతిగడియారము వారికి అవసరమయ్యెను. గాజు పగులకుండుటకై దానిపై చిల్లుల లోహపుజాలరును బిగించుకొనిరి. గాజునకు బదులుగా సెల్యులాయిడ్‌ను వాడినవారును కలరు. అది పగులదు గాని కాలక్రమమున పసుపువన్నెకు తిరుగును. నిప్పు తగిలిన మండును.

ఈ చిక్కునకు ఒక చమత్కారమైన ఉపాయము మన దేశమున జరిగిన సంఘటననుండియే పుట్టినదని జేజర్ లకూల్త్ర్ సంస్థ చెప్పుకొనును. భారతదేశమునకు వచ్చిన సీజర్ డి ట్రే అను స్విట్జర్లండు వర్తకునకు, పోలో ఆటలో అద్దము పగిలిన తన గడియారమును ఒక ఆంగ్ల సైనికాధికారి చూపెనట. ఆటలోని దెబ్బలకు ఓర్చు గడియారమును చేయలేరా అని అడిగెనట. 1931లో ఫ్రెంచి ఇంజనీరు రెనే ఆల్ఫ్రెడ్ షోవో ముఖమును లోపలివైపునకు త్రిప్పివేయదగిన గడియారమునకు ప్రత్యేకహక్కు కోరుచు దరఖాస్తు పెట్టెను. అదియే రివర్సో. అద్దమును గట్టిపరుపజాలక, దానిని దాచివేసిన ఉపాయమిది.

అద్దమునే మార్చు ప్రయత్నము 1930 తరువాత ఫలించినది. ఆక్రిలిక్ అను పారదర్శకమైన ప్లాస్టిక్ జర్మనీ, ఇంగ్లండు దేశములలో తయారై క్రమముగా గడియారములపైకి ఎక్కెను. అది తేలిక, పలుకులుగా చిట్లదు, ధరయు తక్కువ. దాని లోప మొక్కటే, మెత్తదనము. తలుపునకు రాచుకొనిన చాలును, గీత పడును.

గీత యేల పడునో ఇచ్చట కొంత విచారింపవలెను. 1812లో ఫ్రీడ్రిఖ్ మోస్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు రాళ్ల కాఠిన్యమును 1 నుండి 10 వరకు అంతస్తులుగా ఏర్పరచెను. పై అంతస్తుది క్రింది అంతస్తుదానిని గీయగలదు. ఆక్రిలిక్ స్థానము సుమారు 3. సాధారణపు గాజుది 5కును 6కును నడుమ. ఇసుకలోని స్ఫటికపు రేణువుది 7. మన వీధిదుమ్మునిండ ఈ రేణువులే. కనుక గడియారమును పైపంచెతోనో చొక్కాఅంచుతోనో గట్టిగా తుడుచుటయు ఒక్కొక్కమారు గీతకు కారణమగును. వస్త్రము మెత్తనిదే, దానికి అంటిన దుమ్ము మెత్తనిది కాదు.

దుమ్మునకు లొంగని అద్దము కావలెనన్న 7కు పైబడిన పదార్థము కావలెను. మోస్ పట్టికలో 10వది వజ్రము. 9వది కురువిందము. ఈ పేరు మనది. సంస్కృతమున కురువింద శబ్దము, తెలుగున కురువిందము, తమిళమున కురుందము కలవు. మన రత్నకారులు ఈ రాతిపొడితో మణులకు సానపట్టెడివారు. 18వ శతాబ్దాంతమున ఈ రాయి ఇంగ్లండు పండితుల దృష్టికి వచ్చెను. 1798లో చార్లెస్ గ్రెవిల్ దీనినిగూర్చి లండను రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఆంగ్లములోని కొరండం అను మాట దక్షిణభారత భాషలనుండి వెళ్లినదే. కెంపును నీలమును వేరువేరు రత్నములుగా మన మెంచినను, రెండును కురువిందజాతివే. రంగు మాత్రము భేదము.

గడియారమునకు ఈ రాయి కొత్తది కాదు. 1704లోనే లండనులో నికొలస్ ఫాతియో మరి యిద్దరితో కలిసి, రత్నమునకు రంధ్రము చేసి చక్రపు ఇరుసునకు ఆధారముగా అమర్చు పద్ధతికి ప్రత్యేకహక్కు పొందెను. కాని సహజరత్నమునుండి వెడల్పైన నిర్మలపు రేకును కోయవలెనన్న రాజులకును భారమే. ఆ యడ్డంకిని తొలగించినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు ఆగస్త్ వెర్నేయ్. అల్యూమినా చూర్ణమును 2,000 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన జ్వాలగుండ కొద్దికొద్దిగా జార్చి, కరగిన బిందువులను ఒకదానిపై నొకటి పేర్చి, కురువిందమును పెంచు విధానమును అతడు 1902లో ప్రకటించెను. రంగునిచ్చు ద్రవ్యమేదియు కలుపనిచో ఆ స్ఫటికము నీటివలె తేటగా ఉండును. నేడు నీలపుటద్దమని, సఫైర్ అద్దమని పిలువబడునది ఇదియే. పేరు నీలమైనను రంగు లేదు. వజ్రపుపొడి పూసిన పనిముట్లతో దానిని కోసి మెరుగుపెట్టుదురు.

1962లో రాడో సంస్థ తన డయాస్టార్ గడియారమునకు ఈ అద్దమును అమర్చెను. రోలెక్స్ సంస్థ 1970లో తొలిసారిగా వాడెను. అయినను కొన్ని నమూనాలకు 1980ల చివరివరకును ఆక్రిలిక్‌నే ఉంచెను. అద్దములను సానపట్టిన పొడియే తుదకు తాను అద్దమైనది.

అంతటితో చిక్కులన్నియు తీరెననుకొనరాదు. కాఠిన్యము వేరు, దెబ్బకు ఓర్చుట వేరు. నీలపుటద్దము గీతపడదు గాని రాతినేలపై అంచు తగులునట్లు పడినచో చిట్లిపోవచ్చును. ఆక్రిలిక్ గీతపడును గాని పలుకులు కాదు. 1965లో అమెరికా అంతరిక్ష సంస్థ పరీక్షించి అంగీకరించిన ఒమెగా స్పీడ్‌మాస్టర్‌కు ఉన్నది ఈ మెత్తని అద్దమే. 1969 జూలైలో బజ్ ఆల్డ్రిన్ చంద్రునిపై నడచినప్పుడు అతని దుస్తులపై నున్నది ఆ గడియారమే. భారములేని చోట గాజుపలుకులు గదినిండ తేలియాడినచో కంటికిని యంత్రములకును ముప్పు గదా!

ఇక మన చేతిమీది గీత సంగతి. అద్దము ఆక్రిలిక్ అయినచో విచారింప పనిలేదు. గోటితో తట్టిన మందముగా పలుకును. తాకిన చల్లగా తోచదు. చుట్టునున్న లోహమునకు అంటుకాగితము చుట్టి, దుమ్మును ముందుగా ఊడ్చి, ప్లాస్టిక్‌నకు పనికివచ్చు మెరుగుముద్దను మెత్తని గుడ్డతో కొలదిసేపు రుద్దిన పైపై గీతలు పోవును. లోతైన గీత ఉన్నచో అద్దము మార్చుకొనుటయు స్వల్పవ్యయమే. గాజైనచో సీరియం ఆక్సైడుతో రుద్దవచ్చును గాని శ్రమ అధికము, అద్దము వంకరచూపు చూపవచ్చును, మార్చుటయే మేలు. నీలపుటద్దమైనచో ఇంట చేయి పెట్టరాదు. వజ్రపుపొడివంటి మిక్కిలి కఠినమైన పొడి తప్ప మరేదియు దానిని అంటదు. పైగా దానిపై గీతగా కనబడునది పెక్కుమారులు గీత కాదు. రాచుకొనిన లోహపు మరకయో, ప్రతిఫలనము తగ్గించుటకు పూసిన పలుచని పూత చెదరుటయో అయియుండును. ఏ యద్దమును మార్చించినను, నీరు చొరనట్టి గడియారమైనచో తిరిగి పరీక్ష చేయించుట మరువరాదు.

ఆక్రిలిక్ అద్దములు విలువైన విదేశపు గడియారములకే పరిమితము కావు. జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరున ఆరంభమైన హెచ్.ఎం.టి. కర్మాగారపు జనతా గడియారమునకును ఇట్టి అద్దమే. 2016లో ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయ నిర్ణయించెను. తండ్రి చేతినుండి కుమారుని చేతికి వచ్చిన అట్టి గడియారములు తెలుగు ఇండ్ల పెట్టెలలో నేటికిని కలవు. వానిపై గీతలున్నవని వానిని పనికిమాలినవిగా ఎంచవలదు. ఆ అద్దము మెత్తనిది గనుకనే గీతపడినది. మెత్తనిది గనుకనే పావుగంట ఓపికతో తిరిగి తేటపడును. ఒకటి రెండు గీతలు తండ్రి చేతిపనికి గురుతుగా నిలువవలెనన్న నిలుపుకొనవచ్చును. తుడిచిన గీత మరల రాదు. ఆ నిర్ణయము మాత్రము రుద్దుటకు ముందే చేసికొనవలెను.