చికాగోలో మిగిలిపోయిన నాలుగు వందల పౌన్లు

వెయ్యి పౌన్ల ఎద్దును కోస్తే దుకాణానికి చేరే మాంసం ఆరు వందల పౌన్లకు మించదు. మిగతాదంతా తోలు, ఎముకలు, కొవ్వు, పేగులు, నెత్తురు, కొమ్ములు, గిట్టలు. 1870ల దాకా అమెరికాలో ఈ మిగతాది కూడా ప్రాణంతోనే రైలెక్కేది. చికాగోలో పశువులను ఎక్కించి న్యూయార్క్, బోస్టన్ వైపు పంపేవారు. దారిలో దింపి మేత, నీళ్లు పెట్టినా అవి చిక్కిపోయేవి, కొన్ని చచ్చిపోయేవి. గస్టావస్ స్విఫ్ట్ అనే మాంసం వ్యాపారికి కంటగింపుగా తోచింది ఈ లెక్కే. తినని బరువుకి కిరాయి ఎందుకు కట్టాలి? ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరు చేత ఐసు అరలున్న రైలు పెట్టెను తయారు చేయించి, కోసిన మాంసాన్నే తూర్పుకి పంపసాగాడు. పశువుల కిరాయికి అలవాటుపడ్డ పెద్ద రైల్వేలు మొహం చాటేస్తే, కెనడాకు చెందిన గ్రాండ్ ట్రంక్ రైల్వే ఆ పెట్టెలను లాగింది.

ఈ కథ చాలామంది చెప్పిందే. నమూనా రైళ్లు కట్టేవాళ్లు కూడా స్విఫ్ట్, ఆర్మర్ మాంసం కంపెనీల పేర్లు రాసిన ఐసు పెట్టెలను ముచ్చటపడి కొంటారు. మరి చికాగోలోనే ఉండిపోయిన ఆ నాలుగు వందల పౌన్ల మాటేమిటి? నా దృష్టిలో అసలైన రైలు చరిత్ర అక్కడే ఉంది.

చికాగో యూనియన్ స్టాక్ యార్డ్ 1865 క్రిస్మస్ రోజున తెరుచుకుంది. చిత్తడి నేల కొని దాన్ని కట్టించింది తొమ్మిది రైల్వే కంపెనీలు. చుట్టూ వెలసిన కబేళాల చెత్త పక్కనున్న నదీపాయలో పడేది. అడుగున కుళ్లి బుడగలు తేలుతుంటే జనం దాన్ని బబ్లీ క్రీక్ అన్నారు. పారబోసేదానికీ ధర పలుకుతుందని తెలిశాక కొవ్వు కాచే కర్మాగారాలు, అంటే రెండరింగ్ ప్లాంట్లు, ఆ యార్డు పక్కనే లేచాయి. మూత బిగించిన ఇనుప తొట్టెల్లో వ్యర్థాన్ని ఆవిరితో ఉడికిస్తే కొవ్వు పైకి తేలుతుంది. అడుగున మిగిలిన పిప్పిని పిండి ఆరబెడితే ట్యాంకేజీ. అది మొదట పొలాలకు ఎరువు, తర్వాత పందులకు మేత. కొవ్వు సబ్బులకూ కొవ్వొత్తులకూ, ఎముకలు జిగురుకూ జిలాటిన్‌కూ పోయేవి.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకం వ్యాగన్ కావాలి. కొవ్వు చల్లబడితే గడ్డకడుతుంది కాబట్టి దాని ట్యాంకు వ్యాగన్ల లోపల ఆవిరి గొట్టాలు చుట్టి ఉండేవి. గమ్యం చేరాక ఆవిరి ఎక్కించి కరిగిస్తే తప్ప సరుకు దిగేది కాదు. తోళ్లకైతే మరీ కష్టం. ఉప్పు పట్టించిన పచ్చి తోళ్ల నుంచి కారే నీరు చెక్క నేలలోకి ఇంకి, ఆ వాసన ఇక వదలదు. అలాంటి పెట్టెలో తర్వాత పిండో ధాన్యమో ఎక్కించడం కుదరదు. అందుకే రైల్వేలు ఆయుష్షు తీరవస్తున్న పెట్టెలను ఏరి, తోళ్లకు మాత్రమే అని పక్కన రాసి, తోళ్లు ఊనే ఊళ్లకు నడిపేవి. మాంసం పెట్టెలు కొత్త రంగుతో మెరుస్తుంటే, ఈ పెట్టెల కడుపులో తుప్పు, ఉప్పు చారలు, నల్లటి మరకలు.

నమూనా రైళ్లలో, నిజమైన బండిలో ఎనభై ఏడో వంతుండే హెచ్ఓ కొలతలో నలభై అడుగుల పెట్టె దాదాపు 14 సెంటీమీటర్లు. ఆ చిన్న చెక్క గోడ మీద ఉప్పు చారను సన్నని కుంచెతో దించే మనిషి, పుస్తకాలు పట్టించుకోని ఒక చాకిరీని భద్రపరుస్తున్నాడు. నమూనాలో కబేళా కట్టి, పశువుల బండ్లు లోపలికి, ఐసు పెట్టెలు బయటికి నడిపితే ఎద్దులో నాలుగు వందల పౌన్లు లెక్క తప్పినట్టే. ఉప్పు పెట్టెలు, బొగ్గు వ్యాగన్లు లోపలికి రావాలి. కొవ్వు ట్యాంకులు, ట్యాంకేజీ బస్తాలు, తోళ్ల పెట్టెలు బయటికి పోవాలి.

కబేళాతో పనిలేకుండా రైలెక్కిన ఎముకలు కూడా ఉన్నాయి. అమెరికా మైదానాల్లో అడవిదున్నలను తోళ్ల కోసం లక్షల్లో చంపేశాక, ఎండిన ఎముకలను కొత్తగా వచ్చిన రైతులు ఏరి స్టేషన్లలో అమ్ముకున్నారు. డెట్రాయిట్‌లోని మిషిగన్ కార్బన్ వర్క్స్ వాటిని కాల్చి బొగ్గు చేసేది, పంచదారను తెల్లబరచడానికి. 1892లో అక్కడ తీసిన ఫొటోలో పుర్రెల గుట్ట మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఎముకల జిలాటిన్ మన దాకా కూడా వచ్చింది. మన సినిమా పోస్టర్ల మీద ఈస్ట్‌మన్ కలర్ అని చదివేవాళ్లం కదా, ఆ ఫిల్ము మీద వెండి లవణాలను పట్టి ఉంచేది జిలాటినే. ఈస్ట్‌మన్ కొడాక్ 1930లో మసాచుసెట్స్‌లోని పీబడీలో జిలాటిన్ కర్మాగారాన్నే కొనేసింది. కొవ్వు కూడా కబేళాతోనే ఆగలేదు: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గృహిణులు వంటింటి కొవ్వును డబ్బాల్లో పోగుచేసి అంగడికి ఇచ్చేవారు. దాని గ్లిజరిన్ పేలుడు మందుకు.

స్టాక్ యార్డ్ 1971లో మూతపడింది. కబేళాలు పశువులున్న ఊళ్లకు తరలిపోయాయి, వ్యర్థాన్ని లారీలే తెస్తున్నాయి. కానీ 1882లో ఆ యార్డు పక్కనే పుట్టిన డార్లింగ్ కంపెనీ ఇంకా కొవ్వు కాస్తూనే ఉంది. వాలెరో అనే చమురు కంపెనీతో కలిసి లూసియానాలోని నార్కోలో అది కట్టిన కర్మాగారం 2013 నుంచి కొవ్వుతో డీజిల్ తీస్తోంది. అక్కడికి సరుకు ఇప్పటికీ ట్యాంకు వ్యాగన్లలోనూ వస్తుంది. నేటి కాలపు నమూనా కట్టేవాళ్లు అలాంటి కర్మాగారపు సైడింగుకి కూడా పట్టాలు వేసుకోవాలి.