గోష్ఠి: లేచి నిలబడ్డాక మొదలయ్యే సదస్సు

కాన్ఫరెన్స్ అనే మాటకు మన పత్రికలు స్థిరపరిచిన తెలుగు సదస్సు. వైద్యులదైనా, రైతులదైనా, వెబ్ డిజైనర్లదైనా బ్యానరు మీద పడేది ఆ మాటే. దాని పక్కనే మనకు గోష్ఠి అనే మరో మాట ఉంది. అమరకోశం సభ, పరిషత్తు, సమితి, సంసత్తులతో పాటు ఈ రెంటినీ ఒకే వరుసలో పర్యాయపదాలుగా చెప్పింది. నిఘంటువు లెక్కలో అవి ఒకటే. ధాతువుల దాకా దిగితే మాత్రం ఒకటి కూర్చుంటుంది, రెండోది నిలబడుతుంది. వేలకు వేలు టికెట్టు కొని, సెలవు పెట్టి, రైలెక్కి సదస్సుకు వెళ్లే వెబ్ డిజైనరు ఏం బావుకుంటాడనే ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

సదస్సులో ఉన్నది సద్ ధాతువు. కూర్చోవడం దాని అర్థం. సోమయాగంలో ఋత్విక్కులు కూర్చోవడానికి వేసే పందిరి పేరు సదస్సు. అందులో కూర్చునే అర్హత ఉన్నవాడు సదస్యుడు. పెళ్లిళ్లలోనూ, అన్నవరం సత్యదేవుని కల్యాణోత్సవాల్లోనూ వేదపండితులను కూర్చోబెట్టి సంభావన ఇచ్చే సదస్యం ఆ కుదుటిదే. గురువు దగ్గర కింద కూర్చుంటే ఉపనిషత్తు, చుట్టూ కూర్చుంటే పరిషత్తు. లాటిన్‌లో కూర్చోవడానికి వాడే సెదేరే కూడా ఈ ధాతువుకు తోబుట్టువే. ఇంగ్లీషు సెషన్ పుట్టింది దాంట్లోంచి. కాబట్టి ‘సదస్సులో మొదటి సెషన్’ అన్నప్పుడు మనం తెలియకుండానే రెండుసార్లు కూర్చుంటున్నాం.

గోష్ఠి కథ వేరు. గో అనే మాటా, నిలబడడం అర్థమున్న స్థా ధాతువు నుంచి వచ్చిన స్థ కలిస్తే గోష్ఠం, అంటే ఆవులు నిలిచే చోటు. ఇక్కడ స్థ కాస్తా ష్ఠ కావడానికి పాణిని ప్రత్యేకంగా సూత్రం చెప్పాడు. మంద చేరే చోటి పేరు మనుషులు చేరే చోటికి వచ్చింది. అక్కణ్ణుంచి ఆ మనుషులు చెప్పుకునే మాటలకే అంటుకుంది. పొరుగున మరాఠీలో ఈ రెండు దశలూ ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. గోఠా అంటే పశువుల కొట్టం, గోష్ట అంటే కథ. తెలుగులో కొట్టం అర్థం జారిపోయి మనుషుల అర్థమే మిగిలింది. తిరుమల ఊరేగింపుల్లో ప్రబంధ గోష్ఠి పాశురాలు చదువుతూ నడుస్తుంది. పత్రికల్లో ఇష్టాగోష్ఠి ఉంది. నాయకుడు ప్రెస్ మీట్‌లో కూర్చుని చదివే ప్రకటన వేరు, లేచాక విలేకరులతో ఇష్టాగోష్ఠిగా అనే మాట వేరు. ఏది అసలు వార్తో ఏ విలేకరినడిగినా చెబుతాడు.

వెబ్ చరిత్రలోనూ ఈ రెండు ధాతువులూ మొదటినుంచీ జంటగానే ఉన్నాయి. తొలి వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు 1994 మే 25 నుంచి 27 దాకా జెనీవాలోని సెర్న్‌లో, రాబర్ట్ కాయో చొరవతో జరిగింది. వచ్చింది నాలుగు వందల మందికి అటూ ఇటూ. అక్కడ ప్రసంగాలతో పాటు ఒకే విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు విడిగా గుమిగూడే సమావేశాలు పెట్టారు. ఒకే రకం ఈకలున్న పక్షులు ఒకచోట చేరతాయన్న ఇంగ్లీషు సామెతను బట్టి వాటికి ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ అని పేరు. ఇంగ్లీషువాళ్లకు పక్షులు తోచాయి, మనవాళ్లకు ఆవులు. త్రీడీ దృశ్యాలను వెబ్ మీద చూపించే వీఆర్ఎంఎల్ ఆలోచన అలాంటి గుమిగూడిన చోటే రూపు కట్టింది. ఆ పేరు పెట్టినవాడు డేవ్ రాగెట్.

ఆ ఏడాదే షికాగోలో జరిగిన రెండో సదస్సులో హోకోన్ వియుమ్ లీ వెబ్ పేజీల రూపాన్ని తీర్చే సీఎస్ఎస్ అనే తన ప్రతిపాదనను జనం ముందు పెట్టాడు. పేజీ రూపం మీద పెత్తనం రాసినవాడిదా, చదివేవాడిదా అన్న వాదన రేగింది. మరుసటి ఏడు అతను బెర్ట్ బోస్‌తో కలిసి మళ్లీ సదస్సుకొచ్చాడు. 1996 డిసెంబరు 17న సీఎస్ఎస్ తొలి ప్రమాణం వెలువడింది. ఈ వరుసలోని ఇరవయ్యో సదస్సు 2011 మార్చి 28 నుంచి ఏప్రిల్ 1 దాకా హైదరాబాద్‌లో జరిగింది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ అక్కడ మాట్లాడాడు.

అవి ఎక్కువగా పరిశోధకుల సదస్సులు. డిజైన్ పనివాళ్ల కోసం జెఫ్రీ జెల్డ్‌మన్, ఎరిక్ మేయర్ కలిసి ‘యాన్ ఈవెంట్ అపార్ట్’ను 2005లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టారు. 2010 ఏప్రిల్‌లో సియాటిల్‌లో జరిగిన ఆ సదస్సులో ఈథన్ మార్కాట్ ఒక ఆలోచన చెప్పాడు. ఫోనుకొకటి, కంప్యూటరుకొకటి అని వేర్వేరు సైట్లు కట్టకుండా, తెర వెడల్పును బట్టి సాగే గ్రిడ్, దాంతోపాటే ఒదిగే బొమ్మలు, తెర కొలతను బట్టి పేజీ రూపం మార్చే మీడియా క్వెరీలు కలిపి ఒకే పేజీని ఎక్కడైనా ఇమిడేలా చేయవచ్చన్నది దాని సారం. మే 25న అది ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ పేరుతో వ్యాసంగా వచ్చింది. ఆ పద్ధతి ఈనాడు మన బ్యాంకు సైటు నుంచి రైల్వే టికెట్టు దాకా అంతటా ఉంది. సియాటిల్ హాల్లో కూర్చున్నవాళ్లకు అది నెల ముందే పచ్చిగా దొరికింది. పచ్చిగా ఉన్న ఆలోచనను ప్రశ్నించవచ్చు, వంచవచ్చు. అచ్చయ్యాక అనుసరించడమే మిగులుతుంది.

అయినా కూర్చుని విన్న ప్రసంగం ఎప్పుడో ఒకప్పుడు వీడియోగా ఇంటికే వస్తుంది. 2020లో కోవిడ్ వచ్చి సదస్సులన్నీ తెరల మీదికి మారినప్పుడు ఈ సంగతి రుజువైంది. సెషన్లు సజావుగానే సాగాయి. వక్తలు ఇళ్లనుంచి మాట్లాడారు, స్లయిడ్లు కదిలాయి. చాట్ పెట్టెలు తెరిచారు, వీడియో గదులు కట్టారు, కానీ గోష్ఠి కుదురుకోలేదు. సదస్సులకు అలవాటుపడ్డవాళ్లు హాల్‌వే ట్రాక్ అని పిలిచేది దీన్నే. అది కార్యక్రమ పత్రంలో అచ్చుకాని ట్రాక్, వరండాలో టీ కప్పుతో నడిచేది. క్లయింటుకు ధర ఎలా చెప్పాలి, ఏ ఏజెన్సీ బిల్లు ఎగ్గొడుతుంది, వేదిక మీద మెరిసిన ప్రాజెక్టు లోపల ఎన్నిసార్లు కూలింది, డెవలపరుతో పేచీ పడకుండా డిజైన్ ఎలా అప్పగించాలి వంటివి మైకు ముందు ఎవరూ చెప్పరు. నిలబడి, గొంతు తగ్గించి చెబుతారు.

గోష్ఠిలో ఎలా మాట్లాడాలో వాత్స్యాయనుడు కామసూత్రంలోనే చెప్పాడు. నాగరకుడి దినచర్యలో గోష్ఠులను వర్ణిస్తూ, అక్కడ పూర్తిగా సంస్కృతంలోనూ కాక, పూర్తిగా దేశభాషలోనూ కాక మాట్లాడేవాడు లోకంలో మన్నన పొందుతాడన్నాడు. జనానికి గిట్టనిదీ, పరుల చెడు కోరేదీ అయిన గోష్ఠికి తెలివైనవాడు వెళ్లకూడదని హెచ్చరించాడు కూడా. హైదరాబాద్, బెంగళూరు సదస్సుల వరండాల్లో వినిపించే భాష మొదటి సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. ‘ఆ బటన్‌కి పాడింగ్ పెంచితే సరిపోద్ది కదా అన్నా’ అనే వాక్యంలో ఇంగ్లీషు సంస్కృతం వంతు తీసుకుంది.

ఆ మిశ్రమ భాషలో నడిచే గోష్ఠి అవసరం ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. గోష్ఠి అనే మాటనే ఒక బటన్ మీద పెట్టండి. ష మీద గుడి, కింద ఠ వత్తు. లాటిన్ లిపి కొలతతో లైన్ హైట్ బిగించి, బటన్ ఎత్తు కదలకుండా కట్టేసి, బయటికి వచ్చింది కనబడకూడదని రాశారంటే ఠ వత్తు తెగుతుంది. రాష్ట్రం, శాస్త్రం అనేవాటికీ అదే గతి. వేదిక మీద చూపే నమూనాలు దాదాపుగా ఇంగ్లీషువే కాబట్టి ఈ సమస్య స్లయిడెక్కడం అరుదు. తెలుగు సైటు కట్టి చేయి కాల్చుకున్న ఇద్దరు వరండాలో ఎదురుపడితే మాత్రం లైన్ హైట్ ఎంత పెట్టావు, ఏ ఫాంటు వాడావు, పాత ఫోనులో ఎలా కనిపించింది అని అరగంట నడుస్తుంది. అందులో ఒకరికి వారం పని తప్పుతుంది.

ఇక కాన్ఫరెన్స్ అనే మాట సంగతి. దాని లాటిన్ మూలం కోన్‌ఫెర్రే అంటే ఒకచోటికి మోసుకురావడం. అందులోని ఫెర్, మన భారం, భరించడంలోని భృ ఒకే మూలానివి. కాబట్టి ఆ మాట ప్రకారం ఒట్టి చేతులతో వెళ్లినవాడు కాన్ఫరెన్స్‌కు వెళ్లినట్టే కాదు. తన పనిలో చిక్కుపడ్డ ముడి ఒకటి, ఎలాగో విప్పుకున్న ముడి ఒకటి వెంట తీసుకెళ్తే చాలు. మొదటిది అడగడానికి, రెండోది ఇవ్వడానికి. విజిటింగ్ కార్డులు పంచి, వక్త పక్కన సెల్ఫీ దిగి వచ్చేవాడికి సద్ ధాతువూ స్థా ధాతువూ రెండూ దక్కవు. అలాగని గోష్ఠి ఒక్కటే చాలదు. ఉదయం అందరూ కలిసి కూర్చుని విన్న ప్రసంగం ఉంటేనే మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని ఇద్దరికి మాట కలపడానికి ఆధారం దొరుకుతుంది.

అందుకని నిర్వాహకులకు చిన్న విన్నపం. కార్యక్రమ పత్రంలో రెండు ప్రసంగాల మధ్య పావుగంట ఇచ్చి దానికి విరామం అని పేరు పెడుతున్నారు. విరామం అంటే ఆగడం, అక్కడ ఏదీ ఆగదు. పావుగంటను అరగంట చేసి ఇష్టాగోష్ఠి అని అచ్చువేయండి. యజమానులకు మరొకటి. సదస్సు నుంచి తిరిగొచ్చిన డిజైనరును ‘ఏం విన్నావు?’ అని అడిగితే వీడియోలో దొరికేదే చెబుతాడు. ‘ఎవరితో మాట్లాడావు, మన పనిలో ఏది మార్చాలంటావు?’ అని అడిగితే పెట్టిన ఖర్చుకు లెక్క తేలుతుంది.